తకిలీ కోసం జగ్గయ్యపేట బస్సెక్కిన రోజు

ఈమధ్య మా చుట్టాలమ్మాయి ఒకతె ఫోనులో బొమ్మ చూసి తకిలీ తెప్పించుకుంది. మెరిసిపోతోంది గానీ సరిగా తిరగడం లేదు. బొమ్మ చూసి చెప్పులే కొనలేం, తకిలీ ఎలా కొన్నావే అని కోప్పడ్డాను. కోప్పడే హక్కు నాకుంది. పంతొమ్మిది వందల యాభైల చివర్లో ఒక శనివారం నాడు ఒక్క తకిలీ కోసం నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్ళొచ్చినదాన్ని నేను. నూలు వడకాలని సరదాపడి, మంచి తకిలీ వెతుక్కుంటూ బయల్దేరేవాళ్ళకు పనికొస్తుందని ఆ ప్రయాణం గురించి రాస్తున్నాను.

తకిలీ అంటే జానెడు పుల్ల, కింద గుండ్రటి బిళ్ళ, పైన చిన్న కొక్కెం. అంతే. దూది ఏకు కొస కొక్కేనికి తగిలించి, పుల్లను వేళ్ళతో గిర్రున తిప్పితే పురి పడి నూలొస్తుంది. నేను చదివిన టీచర్ ట్రైనింగులో దానికి ప్రాక్టికల్ పరీక్ష ఉండేది. అరగంటలో ముప్పై బారల నూలు, ఉండలు కట్టకుండా తీయాలి. మొదటిసారి నేను తప్పాను. ఎగ్జామినరు గారు వచ్చి ఎదురుగా నిలబడ్డప్పుడల్లా తకిలీ వేళ్ళలో జారి పోగు తెగింది. రెండో అవకాశం సోమవారం. అది కూడా పోతే సర్టిఫికెట్ ఏడాదిపాటు ఆగుతుంది, చందర్లపాడు దగ్గర మిషన్ స్కూల్లో నా కోసం ఉంచిన ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. మా నాన్న కూలికి వెళ్ళే మనిషి. మా అమ్మాయి పంతులమ్మ అయిపోయిందని మా పేటంతా ముందే చెప్పేసుకున్నాడు. నాకు అన్నం సహించడం మానేసింది. వడుకు నేర్పే శాంతమ్మ టీచరు గారు నా తకిలీ చూసి, "నీ చెయ్యి బానే ఉంది సుగుణా. జగ్గయ్యపేటలో గొడుగులు బాగుచేసే ఖాసిం గారని ఉన్నారు, తకిలీలు కూడా చేస్తారు. ఓసారి వెళ్ళిరా" అన్నారు.

పొద్దున ఎనిమిదింటికి నందిగామలో బస్సెక్కాను. టికెట్టు ముప్పావలా దాకా ఉండేది. ఇరవై మైళ్ళు ఉంటుందో లేదో గానీ, దారిలో చెయ్యెత్తిన ప్రతివాడికీ ఆపుతూ చిల్లకల్లు దాటి ఊళ్ళోకి చేరేసరికి పది దగ్గర పడింది. కిటికీ పక్కన చోటు దొరికితే వెళ్ళేటప్పుడు ఎండ పడని వైపు కూర్చోవాలి. ఆ తెలివి నాకు లేక ఎడమ చెవి మాడిపోయింది. ఒళ్ళో తకిలీ చూసి కండక్టరు, "అమ్మాయి గారూ, బ్రేకేస్తే అది ముందాయన వీపులో దిగుద్దండి. సంచిలో పెట్టుకోండి" అన్నాడు. ముందాయన వెంటనే వేరే సీటుకు మారిపోయాడు.

ఖాసిం గారి కొట్టంటే బజార్లో వాళ్ళింటి అరుగే. విరిగిన గొడుగు పుల్లల్లో గుండ్రటివి ఏరి, ఇత్తడి బిళ్ళలు బిగించి తకిలీలు చేసేవారు. నాది చేతిలోకి తీసుకుని వాసన చూశారు.

"దీనికి ఆముదం రాసారామ్మా?"

"అవునండి. మా నాయనమ్మ రాట్నం కదురుకి రాసేది."

"కదురు కన్నంలో తిరుగుద్ది, దానికి ఆముదం కావాల. ఇది మీ వేళ్ళలో తిరగాల. చేపకి నూనె రాసి పట్టుకున్నట్టుంది మీ పని" అని నవ్వి, బూడిద పెట్టి శుభ్రంగా తుడిచిచ్చారు.

తర్వాత పది తకిలీలు నా ముందు పరిచి ఎలా చూడాలో చెప్పారు. పళ్ళెం బోర్లించి దాని మీద తిప్పితే పుల్ల తల ఊపకూడదు. కొక్కెం లోపల వేలు పెడితే గరుకు తగలకూడదు, తగిలితే నూలును కోసేస్తుంది. సన్న నూలుకు తేలిక బిళ్ళ, ముతకకు బరువైనది. ఒక్కోదాని మీదా వడికి చూశాను. అన్నిటి మీదా హాయిగా వచ్చింది. ఆయన గడ్డం గోక్కున్నారు.

"బానే వడుకుతున్నారుగా. మరెక్కడ తెగుద్ది?"

"ఎగ్జామినరు గారు ఎదురుగా నిలబడితేనండి."

అప్పుడే మంచినీళ్ళు తెచ్చిన ఆయన భార్య బీబమ్మ గారు నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశారు. ఆ మాట చెప్పినందుకే అరచెయ్యి తడిసిపోయి ఉంది. "ఈ పిల్లకి చెమటండి. ఇనప పుల్ల ఎట్టా నిలుస్తది?" అన్నారు.

ఖాసిం గారు ఎదురింటి దర్జీనీ, పక్కన చింతపండు అమ్మే ఇద్దరినీ పిలిచి, "ఈ అమ్మాయి ముందర వరసగా నిలబడండయ్యా. నవ్వొద్దు. చేతులు వెనక్కి కట్టుకుని ఈమె చేతులొంకే చూడండి" అన్నారు. దర్జీ చేతికి గడియారం కూడా ఇచ్చారు. నాకు సిగ్గూ కోపమూ కలిసొచ్చాయి. గొడుగు పుల్ల తకిలీ మూడుసార్లు జారింది, మూడుసార్లూ పోగు తెగింది. నాలుగోసారి ఏడుపే వచ్చింది. బీబమ్మ గారు లోపలికెళ్ళి తన తకిలీ తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. వెదురు పుల్ల, నాపరాయి అరగదీసిన బిళ్ళ, వాడి వాడి నల్లబడింది. పొయ్యిలో పెట్టబోయి ఆపిన పుల్లలా ఉంది. దాన్ని తిప్పాను. చేతిలో చెమట అలాగే ఉంది, అయినా వెదురు జారలేదు. ఏకు అయిపోయేదాకా వడికాను. ఇంకోటి తీసుకున్నాను. చివరికి దర్జీ, "నేనెళ్ళొచ్చాండీ? పెళ్ళివారి జాకెట్లున్నాయి" అన్నాడు.

బీబమ్మ గారు తనది అమ్మనన్నారు. ఆవిడిచ్చిన జొన్నరొట్టె, గోంగూర పచ్చడి నేను తింటుంటే ఖాసిం గారు కొత్తది చేశారు. వెదురు చీల్చి, గాజుపెంకుతో గీకి, ఇసకతో రుద్ది, కింద బిళ్ళ బిగించి, పైన కొక్కేనికి బదులు నూలు తగిలించే గంటు పెట్టారు. మూడింటికల్లా నా చేతిలో ఉంది. నాలుగు గంటల బస్సు పట్టుకుని నందిగామ చేరేదాకా ఒళ్ళో వడుకుతూనే ఉన్నాను. ఆకలి కూడా తిరిగొచ్చింది.

సోమవారం ఎగ్జామినరు గారు నా దగ్గర ఆగి, "ఇదేం తకిలీ అమ్మా?" అన్నారు. వెనక నుంచి శాంతమ్మ టీచరు గారు, "రూల్లో తకిలీ అనే ఉందండి, ఇనపదని లేదు" అన్నారు. ఆయన కదల్లేదు, అక్కడే నిలబడ్డారు. నా చేతులు ఎప్పటిలాగే తడిసిపోయాయి. పోగు తెగలేదు. ఆయన ఎప్పుడు వెళ్ళారో చూడలేదు. గంట కొట్టారట, అదీ వినలేదు. పక్కమ్మాయి మోచేత్తో పొడిచి, "ఆపవే, అయిపోయింది" అంటే తలెత్తాను. కొలిస్తే ముప్పై నాలుగు బారలు.

చందర్లపాడు వైపే ముప్పై అయిదేళ్ళు పాఠాలు చెప్పాను. తనిఖీకి ఎవరొచ్చినా రిటైరయ్యే ఏడు దాకా నా చేతులకు చెమట పట్టేది. ఆ భయం పోగొట్టుకోవాలని నేను మళ్ళీ ప్రయత్నించలేదు. భయపడే చేతికి కూడా సరిపోయే తకిలీ ఉంటుందని ఆ అరుగు మీద తెలిశాక నాకు ఎంతో ధైర్యం వచ్చింది. ఆ భార్యాభర్తలను తలుచుకుంటే ఇప్పటికీ మనసు చల్లగా ఉంటుంది.

తకిలీ కొనడానికి వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. మీ ఏకులు మీరే పట్టుకెళ్ళండి, తోడుగా మీరంటే జాలి లేని మనిషిని ఒకరిని తీసుకెళ్ళి ఎదురుగా నిలబెట్టుకోండి. అప్పుడు కూడా జారనిది ఏదైతే ఉందో, ఎంత నల్లగా ఉన్నా దాన్నే కొనుక్కోండి.