నేను మొక్కిన మంచుకొండ

కొండల్లో కాలు జారి పడ్డవాళ్లు ఉంటారు, దారి తప్పినవాళ్లు ఉంటారు. నేను మాత్రం గట్టి నేల మీద, రెండు కాళ్ల మీద నిలబడి, పూర్తి స్పృహలో, పట్టపగలు నా పరువును నా చేతులతోనే లోయలోకి తోశాను. చూసినవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరితో ఆగిపోయి ఉంటే ఈ కథ మీదాకా వచ్చేది కాదు.

తొంభైల చివరి మాట. బాన్సువాడలో నాకు చిన్న విత్తనాల దుకాణం ఉండేది. మా స్వరూప ఆరో తరగతి. పుస్తకంలో హిమాలయాల పాఠం చదివిన నాటి నుంచి దానికి ఒకటే ధ్యాస. "బాపు, మంచుకొండను దగ్గరికెళ్లి చూస్తే ఎట్లుంటది?" అని అడిగేది. నేను చూసిన ఎత్తల్లా నిజాంసాగర్ కట్టే. అయినా తండ్రిని కదా, గంటసేపు వర్ణించి చెప్పాను. ఆ వర్ణనకు నేనే పడిపోయి, దసరా సెలవుల్లో బిడ్డను వెంటబెట్టుకుని హిమాలయాల్లోని గఢ్వాల్ కొండలకు బయల్దేరాను.

దాని వీపున చిన్న సంచి. నా వీపున మాత్రం ఒక సంసారం. మురుకులు, మామిడి తొక్కు, రెండు దుప్పట్లు, పర్వతానికి కొట్టడానికి ఇంటి నుంచే మోసుకొచ్చిన కొబ్బరికాయ. మెడలో మా బావ కెమెరా. అందులో ఉన్నది ఒక్కటే రీలు.

దారి చూపడానికి ప్రేమ్‌లాల్ అనే కొండమనిషిని కుదుర్చుకున్నాం. నేను అడుగుకొకసారి ఆగి ఆయాసపడుతుంటే ఆయన ఓపికగా బీడీ కాల్చుకునేవాడు. అయినా ఆ నడక ఎంత బాగుందని! దేవదారు చెట్ల మధ్య నుంచి పొగమంచు మెల్లగా పాకుతూ వచ్చేది. కింద ఎక్కడో కనిపించని నది ఒకటే హోరు. నోరు ఊరుకోని మా పిల్ల కూడా గుసగుసగానే మాట్లాడింది.

రెండో రోజు మధ్యాహ్నం చెట్లు అయిపోయి గడ్డి మైదానం వచ్చింది. ప్రేమ్‌లాల్ నీళ్లకని ఊట వైపు వెళ్లాడు. అప్పుడే ఎదురుగా పొగమంచు కాస్త తొలగింది. ఒక కొండ, దాని నెత్తిన తెల్లగా మంచు!

నా ఒళ్లు ఝల్లుమంది. "బిడ్డా! గదే! గదే మంచుకొండ!" అని కేక పెట్టాను. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. మీరు నవ్వకండి, అవి నిజమైన నీళ్లే.

స్వరూప కళ్లు చిట్లించింది. "గింత చిన్నగుందేంది బాపు?"

"దూరంల ఉన్నది గదా, గందుకే."

ఫోటోలు మొదలుపెట్టాను. కొండ ముందు స్వరూప. కొండను వేలితో చూపిస్తున్న స్వరూప. స్వరూప తీయగా, నడుం మీద చెయ్యి వేసుకుని, ఆ కొండను నేనే నిలబెట్టినట్టు నేను.

"బాపు, మంచు జరుగుతుంది."

"ఎండకు కరుగుతుందే. కరిగితే జరుగదా మరి?"

"కరిగితే కిందికి రావాలె గదా? గది పక్కకు పోతుంది."

"పాఠాలు బడిల చెప్పు. సక్కగ నిలబడు, ఇంకో ఫోటో తీస్త."

రీలంతా తీశాక కొబ్బరికాయ కొట్టి, ఆ కొండకు సాష్టాంగ పడ్డాను. ముక్కు గడ్డిలో ఉండగా వెనక నుంచి ప్రేమ్‌లాల్ గొంతు హిందీలో వినిపించింది. "ఏం పడిపోయింది సాబ్? నేనూ వెతకనా?"

"పర్వతానికి మొక్కుతున్నా" అన్నాను గంభీరంగా.

ఆయన నేను మొక్కిన వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే మంచు "మే..." అని అరిచింది. ఆ వెంటనే మంచంతా ఒక్కసారిగా అరుచుకుంటూ, గొర్రెల కాపరి ఈలకు కొండ దిగి పరిగెత్తింది.

పాపం, ప్రేమ్‌లాల్ నవ్వలేదు. "కొంచెం పైకి చూడండి సాబ్" అన్నాడు. చూశాను. "ఇంకా పైకి."

"అక్కడ ఉన్నది ఆకాశమే కదా!"

"ఆకాశంలోనే చూడండి."

మబ్బు చిరిగింది. నేను మబ్బే అనుకున్నది మబ్బు కాదు. పక్షులు ఎగరాల్సిన చోట ఒక తెల్లటి గోడ నిలబడి ఉంది. దాని మడతల్లో నీలం నీడలు. శిఖరం మీద గాలికి మంచు పొగలా లేస్తోంది. అంత గాలి వీస్తున్నా మాదాకా చిన్న చప్పుడు కూడా రాలేదు. నిజాంసాగర్ కట్ట మీద కట్ట పేర్చుకుంటూ పోయినా దాని మోకాలు అందదు. చెయ్యి అలవాటుగా కెమెరా మీదికి పోయింది. రీలు లేదు. కెమెరా వదిలేశాను.

స్వరూప వెనక్కి జరిగి నా చొక్కా పట్టుకుంది. "బాపు, గది మన మీద పడదు గదా?"

"పడదు బిడ్డా."

"నీకెట్ల తెలుసు?"

దాని ప్రశ్నలన్నిటికీ పుట్టినప్పటి నుంచీ నా దగ్గర ఒక జవాబు తయారుగా ఉండేది. ఆ పూట లేదు. "తెల్వది" అన్నాను. నవ్వుతుందేమో అనుకున్నాను. చొక్కా వదిలి నా చెయ్యి పట్టుకుంది. పొద్దు వాలి, ఆ తెలుపు బంగారమై, చివరికి నిప్పు రంగుకు తిరిగేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. చలి సంగతే గుర్తు రాలేదు.

ఇంటికొచ్చాక ఫోటోలు కడిగించాను. దాచిపెడదామనే అనుకున్నాను గానీ, మా ఆవిడ ముచ్చటపడి వాటిని దుకాణానికే పట్టుకొచ్చింది. బీర్కూర్ నుంచి వరి విత్తనాలకు వచ్చిన ఓ రైతు ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి, శ్రద్ధగా చూశాడు.

"హిమాలయాల సంగతి నాకు తెల్వది గని అన్నా, గొర్లు మాత్రం మస్తున్నయ్. గంత దూరం పోయినవ్, ఒక పొట్టేలునన్న తోల్కరాకపోతివి!"

ఆ రోజే విత్తనాల బస్తా మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ పర్వతం ఎదురైనా సరే, అది అరవదని నిర్ధారణ అయ్యేదాకా మోకాలు వంచను.