గల్ఫ్ నుంచి పడ్డ అక్షింతలు

పెళ్లి వీడియో ఎడిటింగును మా వైపు ఎవరూ ఎడిటింగ్ అనరు, మిక్సింగ్ అంటారు. కోరుట్లలో మా ఆయన కెమెరా పట్టుకుని పెళ్లిళ్ల వెంట తిరుగుతాడు. నేను ఇంటి ముందుగదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుని మిక్సింగ్ చేస్తాను. పేరంతా కెమెరా పట్టినవాడిదే. భోజనాల దగ్గర పిలిచి మరీ ఇంకో స్వీటు వేసేదీ ఆయనకే. వేసుకోనీ. ఆయన వంకరగా తీసుకొచ్చినదాన్ని నిలబెట్టేది ఎవరో మా ఇద్దరికీ తెలుసు. నా పని అంటే నాకు గర్వం, దాన్ని దాచుకునే అలవాటు కూడా లేదు.

నా పుట్టిల్లు సిరిసిల్ల. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఆ సాంచాల చప్పుడులోనే పడుకుని, ఆ చప్పుడులోనే లేచి పెరిగాను. ఏ ఒక్క సాంచా అయినా తాళం తప్పితే తింటున్న ముద్ద ఆపి అటు చూసేదాన్ని. ఇప్పుడు వీడియోలో పెదవులు ఒకచోట, మాట ఒకచోట పడితే నాకు అలాగే ఉంటుంది. అన్నంలో రాయి తగిలినట్టు. సరిచేసేదాకా మనసు ఒప్పదు.

మా దగ్గర పెళ్లిళ్లలో వీడియో కాల్ ఒక తంతే అయిపోయింది. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉంటారు, అన్నో, మేనమామో. ముహూర్తం వేళకు ఒక పిల్లవాడు ఫోన్ ఎత్తి పట్టుకుంటాడు. అవతలి మనిషి అక్కడి నుంచే అక్షింతలు వేస్తాడు. ఆ ఫోన్‌ను కెమెరాతో తీస్తే మిగిలేది ఒక నల్లటి పలక, దాని మీద పాకే గీతలు, ఫోన్ పట్టుకున్నవాడి బొటనవేలు. అందరూ అలాగే తీస్తారు, అందరూ అలాగే సర్దుకుంటారు.

ఒక పెళ్లిలో మాత్రం గల్ఫ్‌లో ఉన్నది పెళ్లికూతురి తండ్రి. మా జిల్లాలోని ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె వాళ్లది. ఇచ్చిన సెలవును ఆయన కంపెనీ చివరి నిమిషంలో వెనక్కి తీసుకుంది. పెళ్లికూతురు మా ఇంటికి వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అక్కా, మా బాపును మూలకు చిన్నగ పెట్టద్దు. నా నెత్తి మీద అచ్చింతలు ఏసినట్టే కనపడాలె. అయితదా?"

"ఎందుకు కాదు? అయితది" అన్నాను. నా నోరు అంతే, ముందు ఒప్పుకుంటుంది. ఆ పిల్ల వెళ్లాక గాని అసలు చిక్కు తెలియలేదు. జీలకర్రబెల్లం రెండోసారి పెట్టరు కదా. ఆ ఒక్క క్షణం పోతే పోయినట్టే.

పెళ్లికి ముందు వచ్చిన శుక్రవారం అక్కడ పెళ్లికూతురి తండ్రికి వారాంతపు సెలవు. ఫోన్‌లో కాల్ చేసి, ఫోన్‌లోనే స్క్రీన్ రికార్డింగ్ పెట్టి చూశాను. వీడియో నిలువుగా వచ్చింది, రెండు పక్కలా నల్లటి గోడలు. అది చిన్న రోగం. పెద్ద రోగం ఏమిటంటే, మొదట్లో ఆయన మాట పెదవులతో కలిసే ఉంది. చివరికి వచ్చేసరికి నోరు మూసుకున్నాక కూడా మాట వినిపిస్తోంది. కారణం వెతికి పట్టుకున్నాను. ఫోన్ సెకనుకు తన ఇష్టం వచ్చినన్ని బొమ్మలు, అంటే ఫ్రేములు, తీస్తుంది, మనిషి కదిలితే ఎక్కువ, కదలకపోతే తక్కువ. మా కెమెరా మాత్రం సెకనుకు ఇరవై ఐదు బొమ్మలు, ఒక్కటి ఎక్కువ కాదు, తక్కువ కాదు. నా మిక్సింగ్ ప్రాజెక్టు కూడా ఆ ఇరవై ఐదు మీదే నడుస్తుంది. ఈ రెండూ పక్కపక్కన ఎలా నడుస్తాయి?

ఫోన్ వద్దనుకుని, కాల్ ల్యాప్‌టాప్‌లోనే చేసి రికార్డు చేద్దామని దాన్ని తెరిచాను. మా ఆయన వెనక నిలబడి సలహా ఇచ్చాడు.

"అరవై పెట్టరాదే. ఎక్కువుంటే మంచిదే గద."

"కొలత కంటె పెద్దగ కుడితె జాకెట్ మంచిగుంటదా? నువ్వు పోయి కెమెరా తుడుచుకో" అన్నాను.

రికార్డింగు పొడవు, వెడల్పు ప్రాజెక్టుకు ఎంత ఉన్నాయో అంతే పెట్టాను. బొమ్మలు ఇరవై ఐదు, మధ్యలో మారకుండా కట్టేశాను. శబ్దం కూడా కెమెరా శబ్దంతో కుదిర్చాను. మధ్యలో మెసేజ్‌లు వచ్చి తల దూర్చకుండా అన్నీ ఆపాను. మళ్లీ కాల్ చేసి, రికార్డు చేసి, ప్రాజెక్టులో వేశాను. ఎప్పుడూ "సెట్టింగులు కలవడం లేదు, మార్చనా?" అని అడిగే సాఫ్ట్‌వేర్ ఆ రోజు నోరు మెదపలేదు. నాకు ఎంత ఆనందమైందో చెప్పలేను.

ఇక పెళ్లికూతురి తండ్రికి నేర్పడం మిగిలింది.

"అన్నా, ఫోన్ అడ్డంగ పెట్టాలె. చేత పట్టుకోవద్దు, దేనికన్న ఆనియ్యి."

అక్కడ ఆయన గదిలో ఒకదాని మీద ఒకటి మంచాలు, తాళ్ల మీద బట్టలు. అటూ ఇటూ చూసి ఫోన్‌ను బియ్యం సంచికి ఆనించాడు. తర్వాత ఒక చిన్న డబ్బా మూత తీసి చూపించాడు.

"పసుపు మన చేన్లదే చెల్లె. అచ్చినప్పుడు ఎంట తెచ్చుకున్న. అచ్చింతలు ఈడ్నే కలుపుకుంట." ఆ డబ్బా పట్టుకునే అడిగాడు. "గీడికెళ్లి ఏస్తె ఆడ పడ్తయా?"

నవ్వుతూనే అడిగాడు గాని, జవాబు వచ్చేదాకా డబ్బా మూత పెట్టలేదు.

"నువ్వు ఏసుడు ఏయన్నా. పడేది నేను చూసుకుంట" అన్నాను.

పెళ్లి జగిత్యాల ఫంక్షన్ హాల్లో. మండపం పక్కన ప్లాస్టిక్ కుర్చీ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని దాని ముందు కూర్చున్నాను. మండపం ఆయనకు కనిపించేలా అదే కాల్‌లో ఒక పిల్లవాడు ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. పెళ్లికూతురి నానమ్మ వచ్చి నా భుజం తట్టింది.

"ఏంది బిడ్డా, పెండ్లికచ్చి గీ డబ్బల తలకాయ పెట్టినవ్? ఏమన్న తిన్నవా?"

"నీ కొడుకు గీ డబ్బలనే ఉన్నడమ్మా" అన్నాను. ఆమె చటుక్కున కూర్చుని, తెర మీద ఉన్న కొడుకు ముఖాన్ని కొంగుతో తుడిచింది. నేను ఆపలేదు.

బాజాలు జోరందుకున్నాయి. తెర మీద తెల్ల చొక్కా వేసుకుని పెళ్లికూతురి తండ్రి కదలకుండా నిలబడ్డాడు, వెనక గదిలోని దోస్తులందరూ. జీలకర్రబెల్లం ఇక్కడ పెట్టాక ఒక్క రవ్వ ఆలస్యంగా అక్కడ కనిపించింది. ఆయన అక్షింతలు పైకి విసరలేదు. బిడ్డ ఎదురుగా ఉన్నట్టే చెయ్యి ముందుకు చాచి, మెల్లగా వదిలాడు. నేను రికార్డింగ్ ఎర్ర చుక్క మీది నుంచి చూపు తిప్పలేదు.

కోరుట్ల వచ్చాక మిక్సింగ్‌లో కూర్చున్నాను. ఆయన వెనకబడిన ఆ కాస్తంతను ఒక్కసారి ముందుకు జరిపితే చాలు, చివరి మాట దాకా పెదవి, గొంతు విడిపోలేదు. మూలన కాదు, తెర నిండా పెట్టాను. ఆయన వేళ్లు విడతాయి. పచ్చటి గింజలు జారతాయి. మరుక్షణం, మండపంలోవాళ్లు వేసిన అక్షింతలు అవే గింజలన్నట్టు బిడ్డ తల మీద రాలతాయి. అతుకు ఎక్కడుందో మా ఆయనకు దొరకలేదు.

"గీ అచ్చింతలు నేను ఎటు దిక్కు నిలబడి తీసిన?" అని అడిగాడు.

"నువ్వు తియ్యలే" అన్నాను. ఆ పూట వంట కూడా ఆయనతోనే చేయించాను.

తర్వాత పెళ్లికూతురి తండ్రికి సెలవు దొరికింది. ఊరు చేరగానే బిడ్డను వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చాడు. పెద్ద తెర మీద వేశాను. నేను వీడియో చూడలేదు, ఆయన్నే చూశాను. వేళ్లు విడిన చోట ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "మళ్లొక్కసారి ఎయ్యి చెల్లె" అన్నాడు. మళ్లీ వేశాను.

ఈసారి తెర వైపు చూస్తూనే పక్కనున్న బిడ్డ తల మీద చెయ్యి పెట్టాడు.

"పడ్డయి" అన్నాడు.