మేనత్త మొహానికి పూసినవి

నిన్న మధ్యాహ్నం మా మనవరాలు నిమ్మచెక్కను బుగ్గలకు రుద్దుకుంటూ డాబా మీదికి బయల్దేరింది. అలా పూసుకుని ఎండలో కాసేపు కూర్చుంటే రంగు తేలుతుందని ఫోన్‌లో ఎవరో చెప్పారట. ఆ చెక్క లాక్కుని పారేశాను. తొంభైకి దగ్గరపడ్డ నేను అంత విసురుగా లేవగలనని నాకే తెలియదు. పిల్ల బిత్తరపోయింది. ఎందుకని అడిగింది.

మా మేనత్తది నలుపు. కామారెడ్డిలో మా ఇంటిల్లిపాదిదీ నలుపే గానీ ఆమెది ఇంకాస్త చిక్కటిది. కడుపుతో ఉన్నప్పుడు కుంకుమపువ్వు పాలు తాగకపోబట్టే బిడ్డ అలా పుట్టిందని మా అవ్వ చివరిదాకా బాధపడేది. నిజానికి ఆ రోజుల్లో మా ఇంట్లో కుంకుమపువ్వును కళ్లతో చూసినవాళ్లు లేరు. అది చెట్టుకు పూస్తుందో షావుకారు కొట్లో పుడుతుందో అవ్వకే తెలియదు. ఆ మాట వచ్చినప్పుడల్లా మేనత్త పగలబడి నవ్వేది. జొన్నరొట్టెలు కొడుతూ నవ్వితే చేతిలో రొట్టె వంకరపోయేది. ఆ వంకర రొట్టెలన్నీ నాకే.

ఆమెను ఎల్లారెడ్డిలో కచేరీ గుమాస్తాకిచ్చి చేశారు. వాళ్లు ముందు మా తాత పొలం చూసి ఒప్పుకున్నారు, పిల్ల రంగు తీరిగ్గా తర్వాత చూశారు. అత్తగారు నిమ్మరసంలో పచ్చిపసుపు, ఇటుకపొడి కలిపి, రోజూ కోడలి మొహానికి గట్టిగా రుద్ది వాకిట్లో ఎండకు కూర్చోబెట్టేది. మండుతోందంటే మందు పనిచేస్తున్నట్టేననేది. పొక్కులు లేస్తే, "లోపలి నలుపు బయటికొస్తున్నది. ఓర్సుకోవాలె" అనేది. ఆవిడ కావాలని హింస పెట్టలేదు, నిజంగా నమ్మింది. నమ్మి చేసేవాళ్లను ఆపడం ఇంకా కష్టం.

వేసవి చివర్లో బిడ్డను చూడబోయిన తాత, ఆ మొహం చూసి వెంటనే బండెక్కించుకొచ్చాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లుంటాయేమో. బుగ్గల మీద తోలు లేచిపోయి, నుదుటి మీద మచ్చలు కట్టి ఉన్నాయి. నవ్వితే పగుళ్లు సాగి నొప్పని, ఆమె నవ్వడం మానేసింది.

దవాఖానాలో డాక్టరమ్మ తాతను అడిగింది, "ఇవన్నీ ఎందుకు పూసిండ్రు?"

"నలుపు పోతదని."

"నలుపు రోగం కాదు, పోవడానికి. ఇప్పుడున్నవి పుండ్లు. చల్లనీళ్లతోటి కడుక్కోవాలె, రుద్దొద్దు, ఎండల కూసోవద్దు. ఇంకేం పూయకుండ్రి."

సీసా మందు ఇవ్వని డాక్టరేం డాక్టరని తాత ఇంటిదాకా గొణిగాడు.

పుండ్లు మానాక కూడా మేనత్త ఆ పద్ధతి వదల్లేదు. పొద్దునా సాయంత్రం నీళ్లతో కడుక్కుని, జిడ్డుంటే చిటికెడు పెసరపిండి రాసుకుని, పాత మెత్తటి బట్టతో అద్దుకునేది. తడి ఆరకముందే రెండు చుక్కల కొబ్బరినూనె. బయటికెళ్తే నెత్తి మీంచి నుదుటిదాకా కొంగు. ఇంత మాత్రానికి ఏమవుతుందని ఇరుగుపొరుగు వాళ్లు వెక్కిరించారు. చలికాలానికి చర్మం నున్నబడింది. రంగు మాత్రం పుట్టినప్పటిదే.

తాత ఆమెను తిరిగి ఎల్లారెడ్డి తీసుకుపోతూ నన్నూ వెంట తీసుకెళ్లాడు. కాళ్లు కడుక్కోకముందే అత్తగారు గిన్నెతో ఎదురొచ్చింది.

"గిన్ని నెలలుండి గిదేనా తెచ్చుకున్నది? కూసో, పూస్త."

"నేను పూసుకోనత్తమ్మా," అంది మేనత్త. "కడుక్కుంటున్న గద. సాలు."

"గట్లయితే నీ బాపుతోనే పో."

మేనత్త భర్త వైపు చూసింది. ఆయన గుమ్మంలో నిలబడి చొక్కా గుండీలు సర్దుకుంటున్నాడు. అప్పుడు తాత చేతులు జోడించాడు. అత్తగారికి కాదు, కూతురికి. "పూసుకో బిడ్డా. కాపురం పోతది."

దవాఖానాలో ఆ పుండ్లు చూసి కళ్లు తుడుచుకున్న మనిషే ఆ మాటన్నాడు. మేనత్త గిన్నె అందుకుని వాకిట్లో ఒంపేసి, వచ్చి బండెక్కింది. దారి పొడుగునా తాత ఎడ్లతో మాట్లాడాడు గానీ కూతురితో మాట్లాడలేదు.

ఆమె భర్త మరో పెళ్లి చేసుకున్నాడని కొన్నాళ్లకు తెలిసింది. మేనత్త మా ఇంట్లోనే ఉండిపోయి, అందరికీ వండి పెడుతూ ముసలిదైంది. నా పెళ్లికి నలుగు పెట్టేటప్పుడు, మొగుడు వదిలేసిన చెయ్యి తగలకూడదని ఆమెను పెరట్లోకి పంపేశారు. నా మొహానికి నిమ్మరసం, పచ్చిపసుపు మా అమ్మే పూసింది. ఆ సాయంత్రం మేనత్త నన్ను బావి దగ్గరికి తీసుకెళ్లి, చల్లటి నీళ్లతో మెల్లగా అదంతా కడిగింది. "మంటగున్నదా?" అని మాత్రం అడిగింది.

చాలా ఏళ్ల తర్వాత ఆమె పోయినప్పుడు, ఆఖరి స్నానం చేయిస్తున్న ఆడవాళ్లలో ఒకామె మేనత్త చెంప మీద చెయ్యి పెట్టి, "ముసల్దైనా ఎంత నున్నగున్నదే మొఖం" అంది. మిగిలినవాళ్లు అవునన్నారు. ఆ మొహాన్ని ఎవరైనా మెచ్చుకోగా నేను విన్నది అదే మొదటిసారి. ఒక్క మంచిమాట పుట్టడానికి కాలం ఒక మనిషి బతుకంతా తీసుకుంది. అది పుట్టేసరికి వినేందుకు ఆమె లేదు.