పెరిగితే ఒకటి, పడితే ఒకటి

మదుపరుల్లో వెల్లువెత్తిన ఉత్సాహం కారణంగా ఆ వారం షేర్ మార్కెట్ కుప్పకూలిందని శనివారం పత్రికలో అచ్చయింది. ఎనిమిదో పేజీ, పైన ఎడమ వైపు. కొనేవాళ్లు ఎగబడడంతో ధరలు నేల చూశాయనీ, భవిష్యత్తు మీద నమ్మకం పెరిగేకొద్దీ నష్టాలు ముదిరాయనీ అందులో వివరంగా ఉంది. పత్రిక నలభై వేల ఇళ్లకు వెళ్లింది. ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు.

ఆ వార్త రాసినాయన్ని ఆఫీసులో అందరూ 'ఎందుకంటే గారు' అనేవారు. మార్కెట్ వారం వారం ఎందుకు పెరిగిందో, ఎందుకు పడిందో చెప్పడం ఇరవై రెండేళ్లుగా ఆయన ఉద్యోగం. ఈసారి జరిగిన తప్పు ఆయనది కాదు, అంటే పూర్తిగా కాదు. శుక్రవారం మార్కెట్ మూడున్నరకు మూస్తారు. ఆ పేజీ మూడూ ముప్పావుకల్లా ప్రెస్సుకు వెళ్లిపోవాలి. వారం మొత్తానికి సరిపడా కారణాన్ని పావుగంటలో వెతకడం మనిషన్నవాడి వల్ల కాదు. అందుకని ఆయన పొద్దున్నే రెండు వార్తలు రాసి పెట్టుకునేవాడు. ఒక కాగితం నెత్తిన ఎర్ర పెన్సిలుతో 'పెరిగితే' అనీ, రెండో దాని నెత్తిన 'పడితే' అనీ రాసేవాడు. మూడున్నరకు పేజీలు పెట్టే ఆయనకు ఆ ఒక్క మాట ఫోన్లో చెబితే సరిపోయేది. ఆ వారం పేజీలు పెట్టే ఆయన కునికిపాట్లు పడుతూ దీని తల తీసి దాని మొండేనికి అతికించాడు.

పట్టుకున్నది ఒక్క మనిషే, ఇంట్లో ఆయన భార్య.

"ఏమండీ, ఉత్సాహం వస్తే పడిపోతుందా?"

"అతి ఉత్సాహం," అన్నాడాయన కాఫీ గ్లాసులోకి చూస్తూ.

ఆవిడ వంటగది గట్టుకు ఆనుకుని, కొంగుతో కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది.

ఆ ఇంట్లో ఎవరికీ ఒక్క షేరు కూడా లేదు. ఉన్న నాలుగు రూపాయలూ పోస్టాఫీసులో ఉన్నాయి. ఈ సంగతి బయటికి పొక్కితే పరువు పోతుందని ఆయన పోస్టాఫీసుకు గొడుగు చాటున వెళ్లేవాడు. ఒకసారి మంగలి, గడ్డం కింద కత్తి ఆనించి, వచ్చే వారం ఏది కొంటే మంచిదని అడిగాడు. జరిగిందే చెప్పగలను గానీ జరగబోయేది చెప్పలేనని ఆయన కదలకుండా జవాబిచ్చాడు. "నిన్న వాన పడిందని ఇవాళ చెప్పే ఉద్యోగమన్నమాట. బాగుందండీ, మాకూ ఇప్పించండి," అన్నాడు మంగలి.

భార్య మాత్రం శనివారం ఆ పేజీ చదవనిదే వేరే పని ముట్టేది కాదు. ఆవిడకు అంకెలతో పని లేదు. ఆ మదుపరులు అనేవాళ్ల మీదే ఆసక్తి.

"వీళ్లలో ఒక్కణ్ణయినా చూశారా మీరు? సోమవారం ఆందోళన చెందుతారు. బుధవారం ఆచితూచి వ్యవహరిస్తారు. శుక్రవారానికి లాభాలు స్వీకరిస్తారు. ఇలాంటి అల్లుడొస్తే గడప తొక్కనిస్తామా?"

"అందరూ కలిసి అలా అనుకుంటారే."

"కలిసి అనుకున్నారని మీతో ఎవరన్నారు?"

ఎవరూ అనలేదు. ముడిచమురు అందుబాటులో ఉంటే ముడిచమురు రాసేవాడు, లేకపోతే వడ్డీ రేట్లు. రెండూ దొరకని వారం విదేశీ మదుపరులు ఎలాగూ ఉండేవారు. దూరపు చుట్టాల్లాంటి వాళ్లు, ఏ నింద వేసినా వచ్చి అడగరు.

ఆ నవ్వు నవ్విన ఏడాదికి ఆవిడ కడుపులో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్‌కు డాక్టర్ శుక్రవారం ఇచ్చాడు.

లోపలికి తీసుకెళ్లాక ఆయన వరండాలో ఇనప బెంచీ మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడ గడియారం, పక్కన ఎవరిదో చెప్పుల జత. శుక్రవారం పొద్దున్న చేతికి అలవాటైన పని ఒకటుంది. జేబులోంచి కాగితాలు తీశాడు. మొదటి దాని మీద, ఆపరేషన్ బాగా జరిగింది, ఇంకో వారంలో ఇంటికి తీసుకొస్తాం అని రాశాడు. రెండో దాని మీద ఎక్కువసేపు పట్టింది. లక్షణాలను ఆలస్యంగా గుర్తించడం, రక్తం తక్కువగా ఉండడం, వయసు అని మూడు కారణాలు వరసగా వచ్చేశాయి. రెండూ చదువుకున్నాడు. ఒక అక్షరం దిద్దాడు కూడా. దిద్దుతున్నది ఏమిటో అప్పుడు తెలిసి, రెండూ మడిచి జేబులో కుక్కుకున్నాడు.

డాక్టర్ బయటికొచ్చి పరవాలేదన్నాడు. ఆయన మరదలికి ఫోన్ చేసి మొదటి కాగితం చూసి చదివాడు.

నాలుగో రోజు ఆవిడ మంచం మీద లేచి కూర్చుని, గళ్ల నుడికట్టు నింపుతానని పెన్సిలు అడిగింది. కుర్చీకి తగిలించిన చొక్కా జేబులో ఉంది, తీసుకోమన్నాడు ఫ్లాస్కు కడుగుతూ. తిరిగి చూసేసరికి ఆవిడ చేతిలో రెండు కాగితాలూ విప్పి ఉన్నాయి. ఆయన చెయ్యి కుళాయి కిందే ఉండిపోయింది.

ఆవిడ రెండూ నిదానంగా చదివింది.

"రెండోది బాగా రాశారు. మొదటిది హడావిడిగా ఉంది."

"అది... అలవాటు కొద్దీ..."

"తెలుసులెండి. కుళాయి కట్టెయ్యండి." కాగితం మళ్లీ చూసింది. "నేను పోవడానికి మూడు కారణాలు చెప్పారు. ఇందులో ఏది నిజం?"

"తెలీదు."

"ఆ ముక్క ఒక్క వారం పేపర్లో రాయండి. మార్కెట్ పడింది, ఎందుకో తెలీదు అని. నేను చదవాలి."

"అలా రాస్తే జీతం ఎవడిస్తాడే?"

"ఒక్క వారమేగా. నాకోసం."

వచ్చే వారం రాస్తానని మాటిచ్చాడు.

వచ్చే వారం వడ్డీ రేట్లు పెరిగాయి. ఆ పై వారం ముడిచమురు దొరికింది. తర్వాత ఎక్కడో యుద్ధం మొదలైంది, కారణాలకు కరువే లేకుండా పోయింది. ఆవిడ శనివారం పేజీ మీద వేలు పెట్టి కిందిదాకా వెతికేది. "ఈ వారం కూడా తెలిసిపోయిందా?" అని కళ్లజోడు తీసి పక్కన పెట్టేది. వాయిదా వేయడానికి వారాలు చాలా ఉన్నాయనుకున్నాడాయన. ఆరు నెలలకు గడ్డ మళ్లీ వచ్చింది. ఈసారి డాక్టర్ రోజు ఇవ్వలేదు, ఇంటికి తీసుకెళ్లమన్నాడు.

మంచం కిటికీ దగ్గరికి జరిపారు. ఆవిడ చెయ్యి పేపరు మడత విప్పలేనంత సన్నబడింది. ఆ వారం మార్కెట్ సోమవారం నుంచి దిగుతూనే ఉంది. గురువారం సాయంత్రం ఆయన మంచం పట్టె మీద కూర్చుని, "ఈ శనివారం చూడు," అన్నాడు.

"నిజంగా?"

"నిజంగా."

"అయితే ఆ కళ్లజోడు తుడిచి పెట్టండి. మసక బారింది."

శుక్రవారం పొద్దున్న 'పడితే' కాగితం మీద ఎందుకో తెలియదని రాశాడు. రాశాక ఎడిటర్ అద్దాల గదివైపు ఒకసారి చూశాడు గానీ కొట్టెయ్యలేదు. 'పెరిగితే' కాగితం మీద ఎప్పటి నాలుగు ముక్కలే గిలికాడు. ఇంత దిగాక పెరుగుతుందని ఎవరనుకుంటారు? పెరిగితే మాత్రం ఎందుకని అడిగేవాళ్లెవరు?

రెండు గంటలకు మార్కెట్ లేవడం మొదలుపెట్టింది. ఆయన ఆఫీసులో అంకెల తెర ముందు నిలబడి, ఇరవై మూడేళ్లలో మొదటిసారి, పడమని వేడుకున్నాడు. మూడున్నరకు వారం నష్టమంతా పూడి, పైన ఇంకొంచెం మిగిలింది. పేజీలు పెట్టే ఆయన ఫోన్ చేశాడు. అబద్ధం చెబితే పేజీ పైన వేసే అంకెలు పట్టిస్తాయి. "పెరిగితే," అన్నాడు.

శనివారం ఆవిడ కళ్లజోడు పెట్టించుకుని తనే చదివింది. కింది స్థాయిలో కొనుగోళ్ల మద్దతు లభించడంతో అన్న చోట ఆగింది.

"పెరిగిందా?"

"పెరిగింది."

"మంచిదేగా." ఆయన మొహం చూసి ఆయన చెయ్యి తట్టింది. "వచ్చే వారం పడుతుందిలెండి."

మంగళవారం మధ్యాహ్నం పోయింది.

సెలవు తీసుకోమన్నా వినకుండా ఆయన శుక్రవారం ఆఫీసుకు వెళ్లాడు. కొత్తగా ఏమీ రాయలేదు. సొరుగులో పోయిన వారం 'పడితే' కాగితం మడతతో అలాగే ఉంది. ఆ వారం మార్కెట్ పడింది, మరీ ఎక్కువగా కూడా కాదు. శనివారం పేపరు వచ్చాక ఆ పేజీని కిటికీ దగ్గర ఖాళీ మంచం మీద, కళ్లజోడు పక్కన పెట్టాడు. గాలికి లేస్తుంటే కళ్లజోడే బరువుగా ఎత్తి దాని మీద పెట్టాడు.

సోమవారం ఎడిటర్ లోపలికి పిలిచాడు. ఆయనకన్నా పదేళ్లు చిన్నవాడు, మర్యాదస్థుడు.

"కూర్చోండి మాస్టారూ. మీ ఇంటి పరిస్థితి నాకు తెలుసు. కానీ ఇదేంటండీ? 'మార్కెట్ పడింది, ఎందుకో తెలియదు.' పొద్దున్నుంచి పదకొండు ఫోన్లు. మనకే తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుందని తిడుతున్నారు. అసలు ఇలా ఎందుకు రాశారు?"

"మా ఆవిడకి మాటిచ్చానండీ, ఒక్క వారం ఆలస్యమైంది."