బామ్మర్ది గీసిన రోడ్డు

మా సారుకు గీయడం చేతకాదని మొదటి నెలంతా అనుకున్నాను. బ్రిటిష్ ఆర్కిటెక్టు, టౌన్ ప్లానర్ కూడా, నలభై ఏళ్ల అనుభవం అని ఆఫీసులో అందరూ గొప్పగా చెప్పారు. తీరా చూస్తే మనిషి పెన్సిలు ముట్టడు. సౌదీలో హుఫూఫ్ ఊరి బయట కొత్త కాలనీ రావాల్సిన ఖాళీ నేలలో పొద్దున్నే టోపీ పెట్టుకొని తిరగడమే ఆయన పని. అల్ ఖోబర్ ఆఫీసు నుంచి ఆయన వెంట కారులో వెళ్లి, నీళ్ల సీసాలు మోస్తూ నేనూ తిరిగేవాణ్ని. జగిత్యాలలో ఐటీఐ చదివి డ్రాఫ్ట్స్‌మన్ పనికి వచ్చినవాణ్ని, ఇసుకలో నడవడానికా ఇంత దూరం వచ్చానని లోపల తిట్టుకునేవాణ్ని.

ఆయన వెతికేది కాలిబాటల్ని. ఆ నేలకు ఒక పక్క లేబర్ క్యాంపు. అవతలి పక్క ఖర్జూర తోటలు, వాటి అంచున ఒక బకాలా, అంటే మన కిరాణా కొట్టు, దాని ముందు బస్సు ఆగే చోటు. క్యాంపువాళ్లు నడిచి నడిచి ఇసుకలో ఒక దారి పడింది. అది సూటిగా ఉండదు. మధ్యలో ఒక తుమ్మచెట్టు నీడ కోసం కొంచెం వంగి మళ్లీ తిన్నగా పోతుంది. సారు ఆ వంపు దగ్గర నిలబడి, "దీన్ని గీసినవాళ్లు నాకంటే మంచి ప్లానర్లు. మనం కాపీ కొడితే చాలు" అన్నారు.

ఆ మాట వెనక సంగతి తిరుగు ప్రయాణంలో చెప్పారు. వయసులో ఉన్నప్పుడు తమ దేశంలో పేదల కోసం ఒక కాలనీ గీశారట. భవనాలను పై అంతస్తుల్లోనే కలుపుతూ నడక దారులు పెట్టారట. అవార్డు కూడా వచ్చింది. జనానికి మాత్రం ఆ దారుల్లో నడవాలంటే భయం వేసింది. చివరికి ఆయన కళ్లముందే దాన్ని కూలగొట్టారు. "వాళ్లు ఎటు నడుస్తారో నేను ఒక్కసారీ చూడలేదు" అన్నారు. ఆ తర్వాత గల్ఫ్ దేశాల్లో ఆయన గీసినవి చాలావరకు కాగితం దాటలేదు. ఇది ఆఖరి ప్రాజెక్టు. ఇందులో ఆయనకు కావలసింది ఒక్కటే. కాలనీ మధ్యగా పోయే ఆరు లైన్ల రోడ్డు ఆ కాలిబాటను తెంపకూడదు. బాట రోడ్డును తాకే చోట కార్లు నెమ్మదించేలా రోడ్డే కొంచెం ఎత్తు పెరగాలి, సిగ్నల్ ఉండాలి, రెండు పక్కలా నీడ ఉండాలి. పనిచేసి అలిసినవాడు మెట్లెక్కి వంతెన మీంచి పోడు, కారే ఆగాలి అనేవారు.

ఆ క్యాంపులోనే మా బావ ఉండేవాడు. మా అక్క భర్త, తాపీమేస్త్రి. శుక్రవారం నేను వెళ్తే మటన్ వండి పెట్టేవాడు.

"ఏం బామ్మర్దీ, మీ దొర ఇంక నడుసుడేనా? గీసుడు ఎప్పుడు?" అని ఆటపట్టించేవాడు. రోడ్డు ఎత్తు పెంచే సంగతి చెప్తే మాత్రం నవ్వు ఆపి విన్నాడు. "మేం నడిచే తొవ్వనా? మాకోసం కార్లు ఆగుతయా?" అని రెండుసార్లు అడిగాడు. ఇక రూములో అందరికీ అదే పాట, ఆ రోడ్డు మా బామ్మర్ది గీస్తున్నాడని.

ప్రాజెక్టు పెట్టినవాళ్లకు రోడ్డు ఎత్తు పెంచడం నచ్చలేదు. నాలుగు మీటింగుల్లో కొట్టేశారు. ఐదోసారి సారు బల్లగుద్ది ఒప్పించారు. ఆయన గెలవగా నేను చూసింది అదొక్కసారే.

కంప్యూటర్లో డ్రాయింగు అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన గాజు పలకలు అనుకోండి. రోడ్లది ఒక లేయర్, పైపులది ఒకటి, చెట్లది ఒకటి. ఒక్క నొక్కుతో దేన్నయినా కనబడకుండా చేయొచ్చు. కాలిబాటకు, అది రోడ్డు దాటే చోటుకు నేను విడిగా ఒక లేయర్ పెట్టుకున్నాను. పెద్దవాళ్లు చూడ్డానికి వస్తున్నారు, షీటు శుభ్రంగా ఉండాలని మేనేజరు తొందరపెడితే, ఆ ఒక్క ప్రింటు కోసం దాన్ని ఆపేశాను. మళ్లీ పెట్టడం మరిచిపోయాను. అంతే. కుట్ర లేదు, ఎవరి ఒత్తిడీ లేదు. కాంట్రాక్టరుకు పోయే షీట్లన్నీ అదే ఫైల్లోంచి తీశాను. సారుకు అప్పుడే కంటి ఆపరేషను అయింది, ఒక కంటికి ఇంకా కట్టు ఉంది. సంతకాలు పెట్టే ముందు, "అన్నీ సరిచూశావా?" అని అడిగారు. "చూశాను సార్" అన్నాను. చూడలేదు. మర్నాడు శుక్రవారం సెలవు, ఆ సాయంత్రమే బస్సు పట్టుకొని బావ దగ్గరికి పోవాలన్న ఆత్రం.

తారు పడ్డాక గాని ఎవరికీ తెలియలేదు. రోడ్డు చదునుగా, నున్నగా, బాటను అడ్డంగా కోసుకుంటూ పోయింది. సారు మండిపడి కాంట్రాక్టరును మీటింగుకు పిలిచారు. కాంట్రాక్టరు మారుమాట లేకుండా షీటు తెచ్చి బల్ల మీద పరిచాడు. సారు దాని మీదికి వంగి చాలాసేపు చూశారు. తర్వాత తలెత్తి నన్ను చూశారు. నేను బల్లను చూశాను. ఆ నెలలోనే నా ఇకామా రెన్యువల్ కావాలి, అది కాకపోతే ఈ దేశంలో నాకు చోటు లేదు.

"సంతకం నాది. తప్పు నాదే" అన్నారు సారు.

వేసిన రోడ్డు మళ్లీ తవ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు. రెండు నెలలకు ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగిరాకుండా, తమ దేశం వెళ్లిపోయారు. ఆఫీసులో కేకు కోశారు. సిగ్గులేకుండా నేనూ తిన్నాను. ఆ షీటు గురించి ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండేది, నాలుగు తిట్టినా బాగుండేది. నలభై ఏళ్ల పనిలో ఆయన ఆఖరున అడిగిన ఒక్క దారినీ నేను తుడిచేశాను, పైగా ఆ నింద ఆయన మీదే వేసి ఊరుకున్నాను. నేను పిరికివాణ్ని. ఈ ముక్క రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

తర్వాత రోడ్డు పొడవునా ఇనుప కంచె వేశారు. వారం తిరగకుండానే దానికి కంత పడింది, సరిగ్గా పాత బాట దగ్గర. ఒక సాయంత్రం పొద్దు గూకే వేళ బావ బకాలాలో రొట్టెలు, గుడ్లు కొనుక్కొని ఆ కంతలోంచి వచ్చి రోడ్డు దాటుతుంటే కారు కొట్టింది. కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు.

ఆస్పత్రిలో చెప్పేద్దామనే వెళ్లాను. "బావా, ఆ రోడ్డు ఉన్నది చూడు..." అని మొదలుపెట్టాను.

"రోడ్డుదేం తప్పు రా? నేనే ఆగకుంట ఉరికిన. నువ్వు ఏడ్వకు" అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఇక ఆ మాట అక్కడే మింగేశాను. నెల తర్వాత చక్రాల కుర్చీలో విమానం ఎక్కించాను.

సారు ఇప్పటికీ ఏడాదికోసారి ఈమెయిలు పెడతారు. ఆ కాలిబాట ఇంకా ఉందా అని అడుగుతారు. ఉంది సార్, నడుస్తున్నారు అని రాస్తాను. అబద్ధం కాదు, కంచెకు ఇవతలా ఉంది, అవతలా ఉంది. బావ సంగతి మాత్రం రాయలేదు. రాస్తే ఆ తప్పు కూడా ఆయన తన నెత్తినే వేసుకుంటారు.

మొన్న ఇంటికి ఫోను చేస్తే బావ ఎత్తాడు, ఎత్తి ఇంటికి వచ్చినవాళ్లెవరితోనో నా గురించే చెప్తున్నాడు. "సౌదీల ఆ రోడ్డు మా బామ్మర్దే గీసిండు. అసొంటి రోడ్డు మన జిల్లాల ఎక్కడ లేదు" అంటున్నాడు. ఆ గొంతులో పొంగు నాకు వినబడుతూనే ఉంది. తర్వాత ఫోను అక్క తీసుకుంది. నేను తిన్నానా లేదా అని అడిగింది. ఎప్పుడొస్తావని అడిగింది.

"ఆ రోడ్డు దాటేటప్పుడు పైలం తమ్మీ" అంది, ఫోను పెట్టేసే ముందు.

సరే అక్కా అన్నాను.