ఖాళీగా పంపిన గిన్నెలు

మే నెల, రెండో శనివారం. మారేడ్‌పల్లి. ఇంట్లో ఉన్నవారు: నేను, సామాన్లు కట్టే కంపెనీ నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు. కింది వాటాలో ఎప్పటిలాగే పొరుగావిడ. లేనివారు: నా భార్య. కాప్రాలో ఉన్న చెల్లెలికి వెళ్లొస్తానని చెప్పి రావడానికి పొద్దున్నే బయలుదేరింది.

ఆ రోజు డైరీలో ఇంతే ఉంది. ఎవరున్నారో ఎవరు లేరో ముందు రాసుకోవడం నా అలవాటు. మిగతాది రాయడానికి ఆ వేళ చేయి రాలేదు.

మేము మైసూరు వెళ్లిపోతున్నాం. మా అమ్మాయి అక్కడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. నా భార్యకు మోకాళ్లు అరిగి మెట్లు ఎక్కడం కష్టమైంది. అమ్మాయి తన ఇంటి పక్కనే నేలమీది వాటా ఒకటి చూసి పెట్టింది. సామాను లారీలో, మేము రైల్లో. ఆదివారమే ప్రయాణం.

నేను పనిచేసింది స్టోర్స్ విభాగంలో. మా దగ్గర ఎవరికి బదిలీ అయినా ముందు చార్జి అప్పగించాలి. ప్రతి సెక్షనుకూ వెళ్లి తీసుకున్నది తిరిగి ఇచ్చి, బాకీ ఏమీ లేదని సంతకం తెచ్చుకోవాలి. అది అయితేగాని మనిషి కదలడానికి వీల్లేదు. ఇల్లు మారడానికి కూడా అంతకు మించిన పద్ధతి ఉందని నాకు తోచలేదు. గ్యాస్ సిలిండరు అప్పజెప్పాను. ఎదురింటి వాళ్ల నిచ్చెన ఇచ్చేశాను. గ్రంథాలయం పుస్తకాలు ఇచ్చేశాను. ఆ వరసలోనే శనివారం మధ్యాహ్నం వంటింట్లోకి వెళ్లాను.

అక్కడ అలమారలో కింది వాటా ఆవిడ గిన్నెలు కనబడ్డాయి. స్టీలు గిన్నెలు, మూత డబ్బాలు, ఒక ఇత్తడి పళ్లెం. అన్నిటి మీదా ఆవిడ పేరు చెక్కి ఉంది.

ఆవిడ గురించి కొంచెం చెప్పాలి. వాళ్లది తాతల నాటి నుంచీ ఇక్కడే. భర్తకు రెజిమెంటల్ బజార్‌లో బట్టల దుకాణం ఉండేది. ఆయన పోయాక కొడుకు చూసుకుంటున్నాడు. మేము గోదావరి వైపు నుంచి వచ్చి పై వాటాలో దిగిన వారంలోనే ఆవిడ నన్ను అన్నా అనీ, నా భార్యను వదినా అనీ పిలవడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి మా మెట్ల మీద ఎప్పుడూ ఏదో ఒక గిన్నె ఎక్కుతూనో దిగుతూనో ఉండేది. మా గోంగూర పచ్చడి కిందికి, వాళ్ల సర్వపిండి రొట్టెలు పైకి. గిన్నె మాత్రం ఖాళీగా తిరిగి వెళ్లకూడదు. వండింది ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెర, అదీ కాకపోతే రెండు రెబ్బల కరివేపాకు. అందుకే వాళ్ల గిన్నెలు మా ఇంట్లో, మావి వాళ్లింట్లో ఎప్పుడూ ఉండేవి. ఎవరి వంతు వచ్చిందని ఎవరూ చూసుకోలేదు. ఇదంతా ఆడవాళ్ల వ్యవహారమని నేను ఏనాడూ పట్టించుకోలేదు. తినడం మాత్రం తిన్నాను.

గిన్నెలన్నీ నేనే కడిగాను. పొడి గుడ్డతో తుడిచి, మధ్యలో కాగితాలు పెట్టి, ఒక అట్టపెట్టెలో సర్ది టేపు వేశాను. పైన ఆవిడ పేరు, కింది వాటా అని పెద్ద అక్షరాలతో రాశాను. పని చక్కగా అయిందన్న తృప్తితో, సామాన్లు కట్టే మనిషి చేతికిచ్చి చెప్పాను:

"ఇది కింద ఇచ్చెయ్. మా గిన్నెలు ఏమైనా ఉంటే అడిగి పట్రా."

కాసేపటికి అతను మా గిన్నెలు తెచ్చాడు. పై డబ్బా మూత తీస్తే అడుగున గుప్పెడు చక్కెర ఉంది. ఆవిడ తొందరలో ఖాళీ చేయడం మరిచిపోయిందనుకున్నాను.

"చీమలు పడతాయి. దులిపేసి, కడిగి కట్టు" అన్నాను.

సాయంత్రం నా భార్య వచ్చింది. నీళ్లు తాగుతూ వంటింట్లోకి తొంగి చూసింది.

"అలమారలో వదిన గిన్నెలేవండీ?"

"పంపించేశాను. మనవి కూడా తెప్పించేశాను. ఆ పని అయిపోయింది."

"ఏం వేసి పంపారు?"

"వేయడమేమిటి? కడిగి పంపాను."

ఆమె అక్కడున్న పెట్టె మీద కూర్చుంది. "అన్నీనా? ఒకేసారా?" అంది. తర్వాత, "మనవి ఎలా వచ్చాయి?" అని అడిగింది. చక్కెర సంగతి చెప్పాను. దులిపించిన సంగతీ చెప్పాను.

"ఊరు వదిలి వెళ్లేవాళ్లు ఖాళీ చేతులతో వెళ్లకూడదని వేసిందండీ అది. మీరేమో లెక్క చూసి ఖాతా మూసేశారు."

ఆ రాత్రి భోజనానికి రమ్మని ఆవిడ మమ్మల్ని వారం ముందే పిలిచి ఉంచింది. ఆ రోజుకి మా ఇంట్లో పొయ్యి ఆరిపోతుందని ఆవిడకు తెలుసు. నాకు ఆకలి లేదని చెప్పాను. నా భార్య ఒక్కతే మెట్లు దిగింది. ఆవిడ గొంతు పైకి వినిపించింది.

"ఏంలేదు వదినా, నాకేం తక్లీఫ్ లేదు. సారు పద్ధతి గల్ల మనిషి. గిన్నెలున్నయా అని మనిషిని పంపి అడిగిండు. ముందుగాల నాకు సమజ్ గాలే. డబ్బ మీద నా పేరు జూసినంక సమజైంది."

సారు. అన్ని ఏళ్లలో ఆవిడ నోట నా గురించి ఆ మాట వినలేదు. ఆఫీసులో అందరూ అన్న మాటే. మా మెట్ల మీద మాత్రం అది నా మొహాన తలుపు వేసినట్టు వినిపించింది.

నా భార్య తిని వచ్చింది. "మీకు కట్టి ఇస్తానంది. వద్దన్నాను" అంది. "గిన్నెలో పెట్టిస్తే మళ్లీ మీకు కడిగి పంపే పని."

పక్క వేసుకుంటూ మాత్రం గొంతు మార్చి అంది: "రేపు ఆవిడ మొహం ఎలా చూసి బయలుదేరతాను? నాకు ఈ ఊళ్లో ఉన్న మనిషి ఆవిడొక్కతే."

మర్నాడు పొద్దున లారీ రాకముందే నేను కిందికి దిగాను. ఆవిడ వాకిట్లో ముగ్గు వేస్తోంది. తల ఎత్తింది.

"ఏంది సారు, ఇంకేమన్న మీది మా ఇంట్ల ఉండిపోయిందా?"

"మాది కాదు చెల్లెమ్మా. మీ గిన్నె ఒకటి కావాలి."

"నిన్ననే గద పంపినవ్, మంచిగ టేపేసి."

"ఖాళీగా పంపాను. తప్పు చేశాను. ఒకటి ఇస్తే సరిగ్గా పంపుతాను."

"ఏమేసి పంపుతవ్? మీ ఇంట్ల పొయ్యి సుత లేకపాయె."

పప్పులు, చక్కెర, ఉప్పు అన్నీ నేనే పెట్టెల్లో వేసి అతికించాను. మైసూరులో పొయ్యి పెట్టాక నింపి తెస్తానన్నాను. ఆవిడ చేతులు దులుపుకుని లోపలికి నడిచింది. వెనకే వెళ్లాను. నా పెట్టె గోడ పక్కన విప్పకుండానే ఉంది, నా అక్షరాలు నా వైపే తిరిగి.

"నువ్వే విప్పు. కట్టినోనివి నువ్వే గద."

నేల మీద కూర్చుని నా టేపు నేనే చింపాను. ఆవిడ ఒక మూత గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పటికి అందులో వేడివేడి సర్వపిండి ఉంది.

"నేను ఖాళీదే అడిగాను" అన్నాను.

"మా ఇంట్లకెల్లి ఖాళీ గిన్నె పోదు" అంది. అని, నా మొహం చూసి, "నిన్న చక్కెర నోట్లేసుకున్నవా? ఊరికి పోయేటోళ్లు తీపి తినాలె" అంది.

తిన్నానని చెప్పడం తేలికే. నోరు రాలేదు. "చీమలు పడతాయని దులిపించేశాను" అన్నాను.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాధపడిందనుకున్నాను. భుజాలు కదులుతుంటే తెలిసింది, నవ్వుతోందని. నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చి, పైకి కేకేసింది.

"వదినా, జెర ఇట్ల రా. ఈ మనిషితోని ఇన్నేళ్లు ఎట్ల ఏగినవే నువ్వు?"

నా భార్య రెయిలింగు పట్టుకుని మెల్లగా దిగింది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని నవ్వారు. తర్వాత ఏడ్చారు. గిన్నె పట్టుకుని నేను పక్కన నిలబడ్డాను. తిట్టి ఉంటే ఇంతకంటే తేలిగ్గా ఉండేది.

"పో అన్నా, రైలు పోతది" అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

లారీ నిండింది. సామాన్లు కట్టే మనిషి నా చేతిలో గిన్నె చూసి, అది కూడా వేయమంటారా అని అడిగాడు. నా భార్య నాకంటే ముందే వద్దని చెప్పింది. స్టేషను దాకా ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అడుగు ఇంకా కాలుతోంది. ఎవరిది ఎవరికి బాకీ అన్న లెక్క మళ్లీ మొదలుకాకుండా, మూత మీద చెక్కిన ఆవిడ పేరు కనబడకుండా చేయి అడ్డం పెట్టుకున్నాను.