శుభం తరువాత పదిహేను అడుగులు

1967 వేసవి. సంగారెడ్డి అవతల, కొండాపూర్ చుట్టుపక్కల పల్లెల మధ్య పాడుబడిన ఒక దొరల గడిలో దయ్యాల హాస్యచిత్రం షూటింగు జరుగుతోంది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా ముగించి, మద్రాసులో ఒక సౌండ్ రికార్డిస్టు దగ్గర సహాయకుడిగా చేరిన నాకు అది మొదటి అవుట్‌డోర్. నేను చూసుకోవలసినవి నాలుగు: టేప్ రికార్డరు, మైకులు, బ్యాటరీలు, నిశ్శబ్దం. నాలుగోదే కష్టం. ఊళ్ళో ఎక్కడ ఎద్దు మెడలో గంట మోగినా దర్శకుడు నా వైపే చూసేవారు.

దయ్యాల సినిమా అయినా మేము రాత్రిపూట షూటింగు చేసింది లేదు. మిట్టమధ్యాహ్నం, కెమెరా ముందు ఎర్రటి గాజు ఫిల్టరు పెట్టి తీసేవాళ్ళం. నలుపు తెలుపు ఫిల్ములో నీలాకాశం నల్లబడి, ఎండ వెన్నెలలా కనిపిస్తుంది. దీన్ని ‘డే ఫర్ నైట్’ అంటారు. కాలు పెడితే మండే బండల మీద దయ్యం చెప్పుల్లేకుండా తిరగాలి. అడుగు పడ్డప్పుడల్లా దాని నోట్లోంచి వచ్చిన తిట్లన్నీ నా టేపుల మీద ఉన్నాయి.

ఆ దయ్యం పేరు నర్సిములు. ఆ ఊరి రైతే. వయసు నలభై ఉంటుంది. యూనిట్‌కు బండి మీద నీళ్ళు తెచ్చేవాడు. తాటిచెట్టంత పొడుగు, ఎండుపుల్లలాంటి ఒళ్ళు. దర్శకుడు చూడగానే ముఖానికి తెల్లరంగు పూయించి నిలబెట్టారు.

ముఖ్యమైన ఘట్టం ఇది. నలుగురు పాడె మోసుకుంటూ గడి గేటు దాటుతారు. పాడె మీద శవం లేచి కూర్చుని బీడీ అడుగుతుంది. నలుగురూ పరుగో పరుగు. గోడ మీద ఊరివాళ్ళు కూర్చుని చూస్తుంటే మొదలుపెట్టి, రెండు టేకులు తీశాం. ఆ తరువాత కెమెరామన్ కదలలేదు.

“నర్సిములూ, అలాగే పడుకుని కళ్ళు తెరువు. ఇటు చూసి నవ్వు.”

ఇది మా వృత్తిలో ఆచారం. బతికున్న మనిషిని శవంగా చూపించిన తరువాత, అతను కెమెరా వంక చూసి నవ్వే షాట్ ఒకటి తీస్తారు. కీడు పోతుందని నమ్మకం. ఆ ముక్క సినిమాలోకి రాదు. వృథా ఫిల్ముతో కలిసి డబ్బాలో పడుతుంది.

నర్సిములు చెమటకు తెల్లరంగు జారిపోయిన ముఖంతో పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. “ఇగ లెయ్యొచ్చా? ఈపు కాలుతున్నది!” అన్నాడు. మేమంతా నవ్వాం. అయితే అప్పటికే గోడ ఖాళీ అయింది. మొదటి టేకులో గేటులోంచి పాడె బయటికి రావడం చూడగానే ఊరివాళ్ళు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళలో నర్సిములు మేనత్త లచ్చవ్వ కూడా ఉంది.

యూనిట్ మద్రాసు వెళ్ళిపోయింది. నన్ను ‘వైల్డ్ ట్రాక్’ కోసం ఉంచారు. బొమ్మతో పని లేకుండా విడిగా పట్టే శబ్దాలను అలా అంటారు. తలుపు కిర్రుమనడం, గబ్బిలాల రెక్కలు, కిటికీలోంచి గాలి, చివరికి ఖాళీ గది నిశ్శబ్దం. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఖాళీ గదిని వింటూ కూర్చుంటే కాసేపటికి మన ఊపిరే పరాయివాళ్ళదిలా వినిపిస్తుంది. మాట్లాడటానికి మనిషి లేక బ్యాటరీ నంబర్లు పైకి చదువుకునేవాణ్ణి. సాయంత్రాలు నర్సిములు వచ్చేవాడు. రానురాను పగలు కూడా రావడం మొదలుపెట్టాడు. అతనికీ మరో చోటు లేదని నాకు వెంటనే తట్టలేదు.

మృగశిర కార్తె వచ్చింది. మొదటి వాన కురిసిన మరునాడు పొద్దున్నే నర్సిములు స్నానం చేసి, ఉతికిన రుమాలు తలకు చుట్టుకుని గడి మెట్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా నల్లరేగడిలో విత్తనాలు వేసే గొర్లు కదులుతున్నాయి.

“ఏం నర్సిములూ, పొలానికి వెళ్ళలేదా?” అన్నాను.

“పిలుస్తదేమోనని సూస్తున్న సారూ.”

“ఎవరు?”

“మా మేనత్త. ఏటా మిరుగం నాడు మొదటి పిడికెడు ఇత్తనాలు నేనే ఏస్త. నా చెయ్యి మంచిదంటది. ఆమెకు ఏసినంకనే ఊరంత పిలుస్తరు.”

“మరి ఈసారి?”

“ఈసారి పాడె ఎక్కిన చెయ్యాయె.” నవ్వబోయి ఊరుకున్నాడు. “నిన్న అడిగిన. సచ్చినోడు ఇత్తనమేస్తే మొలుస్తదా అన్నది. కోపం లేదు సారూ. మొకం దిక్కు సూడకుంట అన్నది, గంతే.”

కెమెరా ముందు నవ్వాడు కాబట్టి దోషం పోయిందని నేను లచ్చవ్వ ఇంటికి వెళ్ళి వివరించాను. ఆమె ఓపికగా విన్నది. “నువ్వు సూసినవు బిడ్డా, నేను సూడలే కదా,” అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజంతా నర్సిములు మెట్ల మీదే ఉన్నాడు. తలకు చుట్టిన రుమాలు మధ్యాహ్నానికి విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

సినిమా ఆ ఏడు రాలేదు, మరుసటి ఏడూ రాలేదు. చూసిన పంపిణీదారు ప్రతివాడూ ఒకే ప్రశ్న వేశాడు: “ఇది భయపడే సినిమానా, నవ్వే సినిమానా? ఏదో ఒకటి తేల్చుకురండి.” దర్శకుడు ఒకసారి హాస్యం తగ్గించారు, ఇంకోసారి భయం తగ్గించారు. ఎడిటింగు మారిన ప్రతిసారీ మాటలు, సంగీతం, శబ్దాలు అన్నీ కలిపి ఒకే ట్రాక్‌గా చేసే ‘మిక్సింగు’ మళ్ళీ మొదటినుంచి చేయాలి. చీకటి థియేటర్లో ఒంటరిగా కూర్చుని ఆ పాడె ఘట్టాన్ని ఎన్నిసార్లు విన్నానో. నాకూ నవ్వు వచ్చేది కాదు.

1968 దీపావళికి పటాన్‌చెరులో మా బాబాయి క్వార్టర్‌కు వచ్చాను. ఫ్యాక్టరీ ఉద్యోగానికి గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డాడాయన. నా ఉత్తరం అందుకుని నర్సిములు బస్సెక్కి వెతుక్కుంటూ వచ్చాడు.

“ఏమయ్యా దయ్యం, పట్టపగలే వచ్చేశావే?” అన్నాడు బాబాయి.

“మా డ్యూటీ పగటీలే సారూ. ఎర్రద్దం పెడితే రాత్రయితది,” అన్నాడు నర్సిములు. ఇల్లంతా నవ్వింది.

బస్సు దాకా సాగనంపుతుంటే మాత్రం గొంతు తగ్గించాడు. “బొమ్మ ఎప్పుడొస్తది సారూ? మా చెల్లె బిడ్డ లగ్గానికి నన్ను పందిట్లకు రానీయలే. బొమ్మ సూస్తే అత్తకు సమజైతది. ఒక్కపారి నవ్విందంటే సాలు.”

“త్వరలోనే,” అన్నాను నేను. మద్రాసులో అందరూ అనే మాటే.

1970 మొదట్లో ఒక పంపిణీదారు ఒప్పుకున్నాడు. ఆఖరి మిక్సింగు రోజు రీళ్ళన్నీ వరుసగా చూస్తుంటే నాకొక సంగతి తట్టింది. నర్సిములు ఎక్కడెక్కడ కనిపిస్తాడో రాసుకున్నాను. బావి దగ్గర దయ్యం, మేడ మీద దయ్యం, పాడె మీద శవం, ఆ పైన మళ్ళీ దయ్యం. లేచి బీడీ అడిగేది కూడా దయ్యమే. మొత్తం సినిమాలో అతను బతికున్న మనిషిగా ఒక్క అడుగు ఫిల్ము లేదు. లచ్చవ్వ ఇది చూస్తే తన అనుమానం నిజమేననుకుంటుంది.

వృథా డబ్బాలు వెతికాను. నవ్వే షాట్ పాజిటివ్ ముక్క దొరికింది. పదిహేను అడుగులు, తెరమీద పది సెకన్లు. శబ్దం లేదు. సంగారెడ్డికి వెళ్ళే ప్రింటులో అతికించనివ్వమని దర్శకుణ్ణి అడిగాను.

“నా కథలో వేలు పెట్టకు. శుభం పడ్డాక నీ ఇష్టం.”

మే నెలలో సంగారెడ్డి టూరింగు టాకీసులో మొదటి ఆట. డేరా నిండా పటాన్‌చెరు నుంచి వచ్చిన ఫ్యాక్టరీ కార్మికులు, పల్లెల జనం. నర్సిములు, అతను బతిమాలి తీసుకొచ్చిన లచ్చవ్వ నేల తరగతిలో కూర్చున్నారు, మధ్యన ఇద్దరు పట్టేంత జాగా. నేను వాళ్ళ వెనక కూర్చున్నాను. పాడె ఘట్టానికి డేరా అదిరిపోయేలా నవ్వారు జనం. మూడేళ్ళుగా మేము తేల్చుకోలేనిది వాళ్ళు క్షణంలో తేల్చేశారు. లచ్చవ్వ నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తెర వంకే చూస్తోంది. నర్సిములు తెరను వదిలేసి ఆమె ముఖం చూస్తున్నాడు. అంత నవ్వులో ఆ ఇద్దరి చుట్టూ మాత్రం నేను గడిలో పట్టిన నిశ్శబ్దం.

శుభం పడింది. నేను లెక్క వేయనిది అప్పుడు జరిగింది. అక్షరాలు కనబడగానే జనం ఒక్కసారిగా లేచారు. నవ్వే షాట్ రుమాళ్ళ మీద, భుజాల మీద, చంకనెత్తుకున్న పిల్లల మీద పడుతోంది. తెర సగం కూడా కనబడటం లేదు. నేను అరవబోయాను. ఎవరిని ఆపను?

మోకాళ్ళ నొప్పి వల్ల లచ్చవ్వ ఇంకా లేవలేదు. నిలబడ్డవాళ్ళ మధ్య సందులోంచి ఆమెకు ఆ ముఖం కనిపించింది.

“ఓరి, గీడు మా నర్సిములే కదరా!”

“నేనే కదనే అత్తా. ఇంతసేపు ఉన్న కద.”

“ఏడున్నవు? ఇంతసేపు నువ్వెప్పుడొస్తవా అని సూస్తనే ఉన్న. గా తెల్ల మొకపోడు నువ్వెట్లయితవు?” తెర ఖాళీ అయ్యేదాకా చూసింది. “పండ్లన్నీ కనబడంగ నవ్వవడితివి.”

ఆమె కూడా నవ్విందా అంటే, లేదు. చెయ్యి చాపింది. నర్సిములు పట్టుకుని లేపాడు. ఆమె ఆ చెయ్యి వదలకుండా డేరా బయటి వరకు నడిచింది.

“మిరుగం దగ్గరికొచ్చె. పొద్దుగాలే రా,” అంది. “మొకానికి గా సున్నం గిట్ల పూసుకొని రాకు మల్ల.”

వాళ్ళు బండెక్కి వెళ్ళారు. నర్సిములు నన్ను మరిచిపోయాడు. అదే సహజం. నేను ఒక్కణ్ణే పటాన్‌చెరు బస్సు కోసం నిలబడ్డాను.

ఆ ప్రింటు మరో ఊరికి వెళ్ళాక, అక్కడి ఆపరేటరు శుభం తరువాతి ముక్క పొరపాటున ఉండిపోయిందనుకుని తెంపేశాడని విన్నాను. అతని తప్పేమీ లేదు. కథకు అది అవసరం లేదు. కానీ మా పనిలో ముఖం అరువిచ్చిన మనిషి, కథ ముగిశాక అదే ముఖంతో తన ఊరికి వెళ్ళాలి. అప్పటినుంచి ఏ సినిమాకు పనిచేసినా నేను పెట్టెలు సర్దే ముందు ఒకటి అడుగుతాను: శవంగా పడుకున్న మనిషి లేచి నవ్వడం అతని వాళ్ళెవరైనా చూశారా? చూడలేదంటే, వాళ్ళను పిలిపించి ఎదురుగా నిలబెట్టి ఆ షాట్ మళ్ళీ తీయించేదాకా పెట్టె మూయను.